మబ్బులకూ విశ్వకిరణాలకూ చుట్టరికం ఎంత?

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. రాసినవారంతా తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకులే. అందుకని వైద్యం, వంటల మీద వచ్చిన ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి స్థలమంతా వీటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేను రేణిగుంటలో స్థిరపడిన విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. భూమి వేడెక్కడంలో దాదాపు 40 శాతం విశ్వకిరణాల రాక తగ్గడం వల్లనే జరిగిందని ఇస్రో మాజీ అధ్యక్షులు యు.ఆర్.రావు గారు లెక్క కట్టినట్టు 2011లో పత్రికలో చదివి, ఆ కాగితం ముక్కను దాచుకున్నాను. ఇప్పుడు నా మనుమరాలు, తన పాఠ్యపుస్తకంలో కార్బన్ డయాక్సైడు పేరే ఉన్నదని నాతో వాదిస్తున్నది. అంతటి శాస్త్రవేత్త పొరబడ్డారా, లేక పుస్తకం సగమే చెబుతున్నదా?

జవాబు: సాక్ష్యం మీ మనుమరాలి పుస్తకం వైపే బరువుగా ఉంది. అయినా ఆ కాగితాన్ని పారేయకండి. అందులోని లెక్క ఎక్కడి దాకా నిలబడిందో, ఎక్కడ జారిందో చూస్తే ఈ వ్యవహారమంతా తేటపడుతుంది.

విశ్వకిరణాలు అన్న మాట వినగానే వెలుగు గుర్తుకొస్తుంది గాని అవి కాంతి కావు, కణాలు. సౌరకుటుంబానికి వెలుపల, ముఖ్యంగా పేలిపోయిన నక్షత్రాల అవశేషాల దగ్గర వేగం పుంజుకుని వచ్చే ఈ కణాల్లో నూటికి తొంభై వరకు ప్రోటాన్లు, మిగిలినవాటిలో ఎక్కువ భాగం హీలియం కేంద్రకాలు. 1912 ఆగస్టులో ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూనులో అయిదు కిలోమీటర్లకు పైగా ఎక్కి, పైకి పోయేకొద్దీ గాలి మరింతగా అయనీకరణం చెందుతున్నదని, అంటే గాలి అణువులు విద్యుదావేశం పొందుతున్నాయని కొలిచి, దానికి కారణం నేలలో కాదు, ఆకాశంలో ఉన్నదని తేల్చాడు. ఈ కణాలు పై గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే మ్యుయాన్లు అనే చిన్న కణాలు నేల దాకా దిగివస్తాయి. మీరు ఈ పుట చదువుతున్నంతసేపూ అవి మీ అరచేతి గుండా సెకనుకు సుమారు ఒకటి చొప్పున దూసుకుపోతూనే ఉంటాయి. వాటి తాకిడి నుంచి తప్పించుకోవడానికే, మన చిత్తూరు జిల్లా ఎల్ల దాటగానే వచ్చే కోలారు బంగారు గనుల్లో రెండు కిలోమీటర్లకు పైగా లోతున పరికరాలు అమర్చి, 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల, అంటే దేనికీ దాదాపు తగలకుండా నేలలోనుంచి కూడా దూసుకుపోయే కణాల జాడ పట్టారు. మన వైపు పల్లెల నుంచి ఆ గనుల్లోకి దిగినవారి మనుమలు కొందరు ఈ పత్రికను చదువుతూ ఉండవచ్చు.

ఇక మబ్బుల సంగతి. గాలిలో తేమ ఎంత ఉన్నా, నీటి ఆవిరి దానంతట అది చుక్కగా మారదు. పట్టుకోవడానికి ఒక రేణువు కావాలి. సముద్రపు ఉప్పు, దుమ్ము, పొగ, గంధకామ్లపు తునకలు ఈ పని చేస్తాయి. వీటిని మేఘకేంద్రకాలు అందాము. వీటిలో దాదాపు సగం నేల నుంచి ఎగిరినవి కావు, గాలిలోని ఆవిరుల అణువులు ఒకదానికొకటి అంటుకుని గాలిలోనే పుట్టినవి. అలా అణువులు గుమిగూడేటప్పుడు విద్యుదావేశం ఉంటే గుంపు చెదరకుండా నిలుస్తుంది. విశ్వకిరణాలు ఆ ఆవేశాన్ని అందిస్తాయి కాబట్టి, కిరణాలు ఎక్కువైతే కేంద్రకాలు ఎక్కువవుతాయి, కేంద్రకాలు ఎక్కువైతే మబ్బులు దట్టమవుతాయి, మబ్బులు దట్టమైతే ఎండ వెనక్కు పోయి భూమి చల్లబడుతుంది అన్నది వాదన. సూర్యుడు చురుకుగా ఉన్న ఏళ్లలో సౌరపవనం, అంటే సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహం, తనతో మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం విశ్వకిరణాలను కొంత అడ్డుకుంటుంది కనుక, ఈ గొలుసు చివరి కొన సూర్యుడి చేతిలోకి పోతుంది. 1959లోనే ఎడ్వర్డ్ నే అనే అమెరికా శాస్త్రవేత్త ఇటువంటి సంబంధాన్ని సూచించాడు. 1997లో డెన్మార్కుకు చెందిన హెన్రిక్ స్వెన్స్‌మార్క్, ఐగిల్ ఫ్రీస్-క్రిస్టెన్సెన్ ఉపగ్రహాల సమాచారాన్ని తీసుకుని, ఒక సౌరచక్రంలో, అంటే సూర్యుడి చురుకుదనం సుమారు పదకొండేళ్లకొకసారి పెరిగి తగ్గే చుట్టులో, ప్రపంచపు మేఘావరణం విశ్వకిరణాలతో పాటు మూడు నాలుగు శాతం పెరిగి తగ్గిందని చూపించడంతో ఈ వాదనకు ఊపు వచ్చింది.

యు.ఆర్.రావు గారు ఈ రంగంలోకి బయటి నుంచి వచ్చినవారు కారు. ఆర్యభట ఉపగ్రహాన్ని నడిపించిన మనిషిగా మనకు ఆయన ఎక్కువగా తెలుసు గాని, విక్రమ్ సారాభాయ్ దగ్గర ఆయన మొదట చేసిన పరిశోధన విశ్వకిరణాల మీదనే. 2011లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో ఆయన, గత 150 ఏళ్లలో విశ్వకిరణాల తీవ్రత 9 శాతం తగ్గిందన్న అంచనాను తీసుకుని, దాని వల్ల తగ్గిన దిగువ మబ్బులు భూమికి చదరపు మీటరుకు 1.1 వాట్ల వేడిని అదనంగా చేర్చి ఉంటాయని, పెరిగిన 0.75 డిగ్రీలలో కార్బన్ డయాక్సైడు వాటా 0.42 మాత్రమేనని లెక్క వేశారు. కూడికలు, తీసివేతల్లో తప్పు లేదు. కిరణాలు ఇంత మారితే మబ్బులు అంత మారతాయన్న నిష్పత్తి ఒకటి ఆ లెక్కకంతటికీ పునాది. ఆ నిష్పత్తిని ఆయన పైన చెప్పిన ఉపగ్రహ పోలికల నుంచే తీసుకోవలసి వచ్చింది. జారింది అక్కడ.

1983లో మొదలైన ఆ మేఘాల రికార్డులో అప్పటికి ఉన్నది ఒక్క సౌరచక్రానికి కాస్త ఎక్కువ. ఒక్క చుట్టులో రెండు గీతలు కలిసి నడిచినంత మాత్రాన వాటికి చుట్టరికం ఉన్నట్టు కాదు. ఆ ఏళ్లలోనే ఎల్‌నినోలు వచ్చాయి, 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం పేలింది, ఉపగ్రహాలు మారినప్పుడల్లా కొలతల సరిచూపు కూడా మారింది. మరికొన్నేళ్ల సమాచారం చేరేసరికి మొత్తం మబ్బులతో కుదిరిన పొంతన చెదిరింది. 2000లో దానిని దిగువ మబ్బులకు మాత్రమే పరిమితం చేశారు. 1994 తరువాతి సమాచారంలో అదీ నిలవలేదు. పొంతన చెదిరిన ప్రతిసారీ కొత్త ఎత్తులో కొత్త మబ్బును వెతుక్కోవడం నాకు మొదటి నుంచీ రుచించలేదు.

అయితే గొలుసులో మొదటి లంకె నిజమే. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో జాస్పర్ కర్క్‌బీ నాయకత్వాన 2009 నుంచి, 26 ఘనమీటర్ల ఉక్కు గదిలో అతి శుభ్రమైన గాలిని నింపి, కొలిచిన మోతాదులో ఆవిరులను వదిలి, విశ్వకిరణాలకు బదులుగా యంత్రం నుంచి కణపుంజాన్ని పంపి, రేణువులు పుట్టే వేగాన్ని లెక్కపెడుతున్నారు. ఈ ప్రయోగానికి క్లౌడ్ అని పేరు. గంధకామ్లం, అమోనియా ఉన్న గాలిలో అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న అణువులు, రేణువుల పుట్టుకను రెండు నుంచి పది రెట్లు పెంచగలవని 2011లో వీరు ప్రకటించగానే, స్వెన్స్‌మార్క్ గెలిచాడని కొన్ని పత్రికలు రాశాయి. అదే ప్రకటనలో ఉన్న రెండో మాటను అవి వదిలేశాయి. నేలకు దగ్గరి గాలిలో నిజంగా పుడుతున్న రేణువుల సంఖ్యకు ఆ రెండు ఆవిరులూ అయాన్లూ కలిసినా చాలవు. చెట్ల నుంచి వచ్చే సేంద్రియ ఆవిరుల వంటివి మరేవో కూడా కావాలి. చెట్ల ఆవిరుల పాత్ర తరువాతి ఏళ్లలో రుజువైంది.

పుట్టిన రేణువు మబ్బుకు పనికిరావాలంటే పెరగాలి. పుట్టినప్పుడు దాని కొలత ఒకటి రెండు నానోమీటర్లు. మేఘకేంద్రకం కావడానికి కనీసం యాభై, నూరు నానోమీటర్లు ఉండాలి. ఈ మధ్యలో జరిగేది నారుమడి చూసినవారికి వెంటనే అర్థమవుతుంది. ఉన్న మడిలోనే రెట్టింపు విత్తనం చల్లితే రెట్టింపు నారు రాదు. ఉన్న ఎరువును అన్నీ పంచుకోవడంతో ప్రతి మొలకా పీలగా ఉండిపోతుంది, అప్పటికే ఎదిగినవి చిన్నవాటిని నొక్కేస్తాయి. గాలిలోనూ అంతే. ఎక్కువ రేణువులు పుడితే పెరగడానికి ఒక్కొక్కదానికి దొరికే ఆవిరి తగ్గుతుంది, చాలావాటిని పాత పెద్ద రేణువులు తమలో కలిపేసుకుంటాయి. 2009లో పియర్స్, ఆడమ్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనిని కంప్యూటరు నమూనాలో లెక్కకట్టి, ఒక సౌరచక్రంలో విశ్వకిరణాల మార్పు వల్ల మేఘకేంద్రకాల్లో వచ్చే తేడా, మబ్బుల్లో చూపించిన తేడాను వివరించడానికి కావలసినదాని కంటే సుమారు నూరు రెట్లు చిన్నదని తేల్చారు. క్లౌడ్ బృందం కూడా తన కొలతలను ప్రపంచ నమూనాలో పెట్టి చూసి, నేటి శీతోష్ణస్థితిలో విశ్వకిరణాల హెచ్చుతగ్గులకు చెప్పుకోదగిన పాత్ర లేదని 2016లో ప్రకటించింది. రేణువుల పెరుగుదలకు కూడా అయాన్లు తోడ్పడతాయని స్వెన్స్‌మార్క్ 2017లో మళ్లీ వాదించాడు గాని, అందుకు ఆయన చూపిన పెంపు కొద్ది శాతమే.

మనం తిరుపతిలో కూర్చుని వేయదగిన పరీక్ష ఒకటి ఉంది. భూమి అయస్కాంత క్షేత్రం ధ్రువాల దగ్గర విశ్వకిరణాలకు తలుపు తెరిచి ఉంచుతుంది, మన దక్షిణ భారతం దగ్గర దాదాపు మూసేస్తుంది. మన నెత్తిన నిట్టనిలువుగా దిగాలంటే ఒక ప్రోటానుకు సుమారు 16, 17 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. ప్రపంచంలోకెల్లా ఎత్తైన గడపల్లో ఇది ఒకటి. సూర్యుడి చురుకుదనం బాగా చెదరగొట్టేది తక్కువ శక్తి ఉన్న కణాలను కాబట్టి, ధ్రువ ప్రాంతాల్లో ఒక సౌరచక్రంలో కిరణాల లెక్క పదిహేను, ఇరవై శాతం ఊగిసలాడితే మన దగ్గర అందులో చిన్న భాగమే ఊగుతుంది. మబ్బులను నిజంగా ఈ కిరణాలే ఆడిస్తూ ఉంటే నార్వే మీద మబ్బు ఎక్కువగా, నగరి మీద మబ్బు తక్కువగా ఊగాలి. స్లోన్, వోల్ఫెండేల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు 2008లో సరిగ్గా ఈ తేడా కోసమే వెతికారు. ఆ జాడ కనబడలేదు. మేఘాల్లో కనిపించిన ఊగిసలాటలో 23 శాతానికి మించి విశ్వకిరణాలకు అంటగట్టడం కుదరదని వారు చెప్పారు. ఈ వ్యవహారంలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయత్నం ఇదే. కొత్త యంత్రమేదీ కొనకుండా, భూమినే పరికరంగా వాడుకున్నారు.

ప్రకృతి తానే చేసి చూపించిన ఇంకో పరీక్ష మరింత పెద్దది. సుమారు 41 వేల ఏళ్ల కిందట భూమి అయస్కాంత క్షేత్రం కొన్ని వందల ఏళ్లపాటు ఇప్పటి బలంలో పదో వంతు దాకా పడిపోయింది. దీనిని లాషాంప్ ఘటన అంటారు. కిరణాలు పోటెత్తిన గుర్తు గ్రీన్‌లాండ్ మంచు పొరల్లో, విశ్వకిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే బెరీలియం-10 రూపంలో స్పష్టంగా మిగిలింది. అదే మంచు అప్పటి ఉష్ణోగ్రతను కూడా దాచి ఉంచుతుంది. అందులో ఈ పోటుకు జతగా నడిచిన మార్పు కనబడదు. నేటి సౌరచక్రపు చిన్న ఊగిసలాట భూమి శీతోష్ణస్థితిని మార్చగలిగితే, అంత పెద్ద పోటు ఊరకే పోయి ఉండకూడదు.

మీ మనుమరాలికి చూపించడానికి ఇంకొక్క విషయం. 1950ల నుంచి న్యూట్రాన్ మానిటర్లు అనే పరికరాలు విశ్వకిరణాలను ఎడతెగకుండా లెక్కిస్తున్నాయి. ఆ గీత పదకొండేళ్లకొకసారి లేచి పడుతుంది గాని, భూమి వేడిలాగా ఒకే దిక్కుకు పోలేదు. రావు గారు చెప్పిన తగ్గుదల చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగానిది. వేడి ఎక్కువగా పెరిగింది 1970ల తరువాత. 1985 తరువాత సూర్యుడి చురుకుదనం మొత్తం మీద తగ్గుతూ వచ్చింది, 2009లో విశ్వకిరణాలు అంతరిక్ష యుగంలో అప్పటి వరకు ఎరుగని ఎత్తుకు చేరాయి. వాదన ప్రకారం భూమి చల్లబడాలి. తరువాతి పదేళ్లు అంతకు ముందెన్నడూ కొలవనంత వేడిగా గడిచాయి. పైగా మబ్బులు తగ్గడమే కారణమైతే పగళ్లు బాగా వేడెక్కి రాత్రులు చల్లబడాలి. మబ్బు లేని రాత్రి చలి ఎక్కువని మన పెద్దలకు తెలియనిది కాదు. 1950 నుంచి ప్రపంచం మొత్తం మీద రాత్రుల వేడి పగటి వేడి కంటే కొంచెం ఎక్కువే పెరిగింది. పైనున్న గాలి పొర, స్ట్రాటోస్ఫియర్, మాత్రం చల్లబడింది. కింద వెచ్చదనం, పైన చల్లదనం కార్బన్ డయాక్సైడు దుప్పటి వేసే గుర్తు. మబ్బుల కిటికీ తెరుచుకుంటే పడే గుర్తు వేరే ఉంటుంది. పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల పాళ్లలో 280గా ఉన్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది.

ప్రశ్న: చిత్తూరులో డిగ్రీ భౌతికశాస్త్రం చదువుతున్నాను. మేఘమందిరం అనే పరికరంలో ఒక ఆవేశిత కణం పోగానే దాని దారి వెంట తెల్లటి మంచు గీత పడుతుందని మా పుస్తకంలో ఉంది. గదిలో జరిగేది ఆకాశంలో ఎందుకు జరగదు?

జవాబు: ఈ ప్రశ్నకు పుట్టినిల్లే మబ్బు. స్కాట్లాండులోని బెన్ నెవిస్ శిఖరం మీద 1894లో మబ్బుల మధ్య ఎండ పడి ఏర్పడిన రంగుల వలయాలను చూసి ముచ్చటపడిన సి.టి.ఆర్.విల్సన్, వాటిని సీసాలో పుట్టించాలని పూనుకుని, చివరకు కణాల దారులను చూపించే మేఘమందిరాన్ని తయారుచేశాడు. 1927లో నోబెల్ బహుమతి వచ్చింది. మబ్బు కోసం బయలుదేరినవాడికి అణువులోని కణాలు దొరికాయి.

కాని విల్సన్ కొలతల్లోనే మీ జవాబు కూడా ఉంది. దుమ్ము లేని గాలిలో రుణావేశపు అయాను మీద నీరు చుక్కగా కట్టాలంటే తేమ సంతృప్త స్థాయికి సుమారు నాలుగు రెట్లు, ధనావేశపు అయాను మీదనైతే ఆరు రెట్లు ఉండాలి. అంటే సాపేక్ష ఆర్ద్రత 400 శాతం. గదిని ఒక్కసారిగా వ్యాకోచింపజేసి గాలిని చల్లబరిస్తే ఆ స్థితి క్షణకాలం వస్తుంది. ఆకాశంలో ఎప్పుడూ రాదు. నిజమైన మబ్బులో తేమ 101 శాతం దాటడమే అరుదు. అక్కడ ఉప్పు, గంధకామ్లపు రేణువులు ఎంతగా పోటీపడి ఆవిరిని పీల్చుకుంటాయంటే, తేమ అంతకు మించి పెరగకముందే చుక్కలు కట్టేస్తాయి. ఊరంతటికీ ఉచిత భోజనం పెడుతుంటే నాలుగు రెట్లు ధర ఇచ్చి కొనేవాడు ఎవడు? కాబట్టి అయాను నేరుగా మబ్బు చుక్కను పుట్టించదు. పైన రేణువుల పుట్టుక గురించి చెప్పిన చుట్టుదారి ఒక్కటే దానికి మిగులుతుంది. ఆ దారి ఎంత సన్నగిల్లుతుందో చూశారు.

ప్రశ్న: మాది చంద్రగిరి. గాదంకి రాడారు విశ్వకిరణాలను కొలుస్తుందని మా ఊళ్లో అంటారు. నిజమేనా?

జవాబు: కాదు. గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాలలో ఉన్న ఎమ్మెస్టీ (మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ అనే మూడు గాలి పొరల పేర్ల తొలి అక్షరాలు) రాడారు 53 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో తరంగాలను పైకి పంపి, గాలి కదలికల నుంచి తిరిగివచ్చే బలహీనమైన ప్రతిధ్వనిని వింటుంది. పొలంలో నాటినట్టు వరుసగా కనిపించే ఆ 1,024 యాంటెన్నాల పని అదే. మబ్బులు, గాలిలోని ధూళిపొరలు ఎంత ఎత్తున ఉన్నాయో చూడడానికి అక్కడ లేజరుతో నడిచే లైడార్లు వేరే ఉన్నాయి.

మనకు దగ్గరలో విశ్వకిరణాలను పెద్ద ఎత్తున లెక్కించేది ఊటీలో టాటా మౌలిక పరిశోధన సంస్థ నడిపే గ్రేప్స్-3. అక్కడి 560 చదరపు మీటర్ల మ్యుయాన్ దుర్భిణి మీదుగా 2014 డిసెంబరు 1న ఒక ఉరుముల మబ్బు పోయినప్పుడు మ్యుయాన్ల లెక్క కొన్ని నిమిషాలపాటు తగ్గింది. ఆ తగ్గుదల నుంచి ఆ మబ్బులో సుమారు 130 కోట్ల వోల్టుల విద్యుత్ పొటెన్షియల్ ఉన్నదని 2019లో తేల్చారు. మబ్బును పుట్టించడంలో ఓడిపోయిన కిరణాలు దాని నాడి పట్టుకోవడానికి ఇలా పనికివచ్చాయి.

ప్రశ్న: 1645 నుంచి 1715 వరకు సూర్యుడి మీద మచ్చలు దాదాపు లేవని, అప్పుడు ఐరోపా గజగజలాడిందని శ్రీకాళహస్తిలో మా చర్చామండలిలో ఒకరు చెప్పారు. అది విశ్వకిరణాల పనే కదా?

జవాబు: మచ్చలు లేని మాట నిజం, ఆ కాలంలో విశ్వకిరణాలు ఎక్కువగా వచ్చిన మాటా నిజం. అయితే ఐరోపా చలి ఆ డెబ్బై ఏళ్లకు చాలా ముందే మొదలై, తరువాత కూడా కొనసాగింది. ఆ శతాబ్దాల్లో పెద్ద అగ్నిపర్వతాలు పలుమార్లు పేలి ఎండను కప్పేశాయి, సూర్యుడి వెలుగు కూడా కొద్దిగా తగ్గింది. ఈ రెండింటితో చలిలో ఎక్కువ భాగానికి లెక్క సరిపోతున్నప్పుడు మూడో కారణాన్ని తీసుకురావలసిన అవసరం తక్కువ. సూర్యుడు మళ్లీ అలాగే నిద్రపోతే ఎంత చల్లబడతామని 2010లో ఫ్యూల్నర్, రామ్‌స్టార్ఫ్ అనే జర్మనీ శాస్త్రవేత్తలు లెక్కవేశారు. ఈ శతాబ్దాంతానికి 0.3 డిగ్రీలకు మించదని తేలింది. మనుషుల వల్ల ఇప్పటికే పెరిగిన వేడి ఒక డిగ్రీ దాటింది.

ప్రశ్న: పలమనేరు దగ్గర నాలుగు ఎకరాల మెట్ట రైతును. ఆషాఢం వచ్చిందంటే రోజూ మోడం కమ్ముకుంటుంది, గాలి వీస్తుంది, మబ్బు తూర్పుకు పరుగెత్తుతుంది, చుక్క మాత్రం రాలదు. చెనక్కాయ విత్తనాలు మూటల్లోనే ఉన్నాయి. ఆకాశం నుంచి వచ్చే కిరణాలు మబ్బును పాడుచేస్తున్నాయని ఒక వీడియోలో చూశాను. ఇందులో ఏమైనా ఉందా?

జవాబు: ఏమీ లేదు. మీకు మబ్బుల కరువు లేదు కదా. మబ్బు ఉండీ వాన రాకపోవడం మీ బాధ. విశ్వకిరణాల వాదన, అది నిజమే అయినా, మబ్బు పుట్టుక గురించినది మాత్రమే.

మబ్బులోని చుక్క కొలత మిల్లీమీటరులో నూరో వంతు. వాన చినుకు ఒకటి కావాలంటే అటువంటివి సుమారు పది లక్షలు కలవాలి. అవి కలవడానికి మబ్బు లోతుగా ఉండాలి, చుక్కలు అందులో ఎక్కువసేపు లేస్తూ పడుతూ ఒకదానినొకటి ఢీకొనాలి. నైరుతి గాలి అరేబియా సముద్రం నుంచి తెచ్చిన తేమలో పెద్ద భాగాన్ని పడమటి కనుమల అవతలి వాలు మీద కురిపించేసి, కొండ దిగి మీ వైపు వస్తుంది. దిగే గాలి వెచ్చబడి ఆరుతుంది. అందుకే మీరు చూసే ఆషాఢపు మోడం పలచని పొర. మీద పొడిగాలి మూతలాగా ఉంటుంది, అడుగున ఉరుకుతున్న గాలి మబ్బును ఒకచోట నిలవనివ్వదు, ఒకటి రెండు చినుకులు కట్టినా నేల చేరకముందే ఆరిపోతాయి. తిరుమల మీద కార్తీకంలో జరిగేది దీనికి తలకిందులు. అప్పుడు గాలి బంగాళాఖాతం నుంచి తడిగా వచ్చి శేషాచలం కొండల ముఖానికే తగిలి పైకెక్కుతుంది, ఎక్కినకొద్దీ చల్లబడి మబ్బు లోతవుతుంది. దానికి వాయుగుండం తోడైతే 2021 నవంబరులో మెట్ల దారి వాగులా పారినట్టు పారుతుంది. ఆ రోజు కూడా కిరణాలు ఎప్పటిలాగే వస్తున్నాయి.

మీకు పనికివచ్చే విషయం ఒకటుంది. ఉత్తరాదిన రుతుపవనాలు విరామం తీసుకున్న రోజుల్లో, వాటి ద్రోణి హిమాలయాల అడుగుకు జరిగినప్పుడు, మన ఆగ్నేయ ద్వీపకల్పంలో వానలు పెరుగుతాయి. అప్పుడు పడమటి గాలి ఉరవడి తగ్గుతుంది, మధ్యాహ్నం ఉక్కపోస్తుంది, వేడెక్కిన నేల మీద మబ్బు పొరలాగా కాకుండా స్తంభంలాగా లేస్తుంది. కాబట్టి ఢిల్లీ, భోపాల్ వైపు వానలు ఆగాయని వార్తల్లో విన్న వారంలో సాయంత్రాలు ఆకాశం చూడండి. విత్తే ముందు తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం వారినో, మీ మండల వ్యవసాయాధికారినో అడిగి అయిదు రోజుల సూచన తెలుసుకోండి. పరుగెత్తే మోడాన్ని చూసి మాత్రం మూట విప్పకండి.